ఇంగ్లండ్‌లో మీ వార్డు ఎన్నిక: ఓటు నమోదు నుంచి నామినేషన్ దాకా

"పాస్‌పోర్టు ఇండియాది, ఉన్నది వీసా మీద, మనకిక్కడ ఓటేంటి?" స్లౌలో, రెడింగ్‌లో, మిల్టన్ కీన్స్‌లో తెలుగువాళ్ల మధ్య తరచూ వినిపించే మాట ఇది. ఓటు ఉంది. ఇండియా కామన్వెల్త్ దేశం. యూకేలో ఉండటానికి అనుమతి ఉన్న ఇండియా పౌరులు పద్దెనిమిదేళ్లు నిండి, ఇక్కడ నివాసం ఉంటే కౌన్సిల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటెయ్యొచ్చు. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్, డిపెండెంట్, ఏ వీసా అయినా సరే. మనవణ్ణి చూడ్డానికి నాలుగు నెలలకని వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం ఉండదు, వాళ్ల నివాసం ఇక్కడ కాదు కాబట్టి.

పార్లమెంటు ఎన్నిక వస్తే టీవీయే చెబుతుంది. వార్డు ఎన్నిక మాత్రం చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ఓటేసేవాళ్లు మామూలుగా మూడో వంతు అటూ ఇటూ. అందుకే ఒక వీధిలో జనం కదిలినా వార్డు ఫలితం తిరగబడొచ్చు. 2017లో నార్తంబర్లాండ్ కౌంటీ ఎన్నికల్లో సౌత్ బ్లైత్‌లో ఇద్దరికి సరిసమానంగా ఓట్లొస్తే పుల్లలు తీయించి తేల్చారు. ఆ పుల్లతోనే కన్సర్వేటివ్ పార్టీకి కౌన్సిల్‌లో సొంత మెజారిటీ ఒక్క సీటు దూరంలో ఆగిపోయింది.

ముందుగా: మీది ఏ కౌన్సిల్, ఏ వార్డు

ఇంగ్లండ్ అంతటా ఒకే పద్ధతి లేదు. లండన్‌లో బరోలు (ఒక్కోదానికీ సొంత కౌన్సిల్) 32, ఒక్క సిటీ ఆఫ్ లండన్ వేరు. బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, లీడ్స్ లాంటివి మెట్రోపాలిటన్ కౌన్సిళ్లు, మొత్తం 36. రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్, స్విండన్ యూనిటరీలు, అంటే చెత్త నుంచి బడి దాకా అన్నీ ఒక్క కౌన్సిలే చూస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో అలా కాదు. అక్కడ సిటీ కౌన్సిల్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిల్ రెండంచెలు. చెత్త బండి, ఇళ్ల ప్లానింగ్, కౌన్సిల్ టాక్స్ వసూలు సిటీ పని. రోడ్లు, బడులు, వృద్ధుల సంరక్షణ, లైబ్రరీలు కౌంటీ పని. కౌంటీకి పోటీ చేసే ప్రాంతాన్ని వార్డు అనరు, డివిజన్ అంటారు. గీతలు కూడా వేరు. అంటే ఒకే ఇంటికి ఒక వార్డు, ఒక డివిజన్, కొన్నిచోట్ల వీటి కింద పారిష్ (ఊరి స్థాయి చిన్న కౌన్సిల్) కూడా.

రోడ్డు గుంత గురించి సిటీ కౌన్సిలర్‌కు నాలుగు మెయిళ్లు రాసి, జవాబు రాలేదని నొచ్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పే చోటు ఇదే. ప్రభుత్వ వెబ్‌సైటు గవ్.యూకేలో పోస్ట్‌కోడ్ కొడితే మీ కౌన్సిల్ పేరు వస్తుంది. కౌన్సిల్ సొంత వెబ్‌సైటులో "మీ కౌన్సిలర్లు" పేజీలో అదే పోస్ట్‌కోడ్ కొడితే వార్డు, అక్కడి కౌన్సిలర్ల పేర్లు, మెయిల్ ఐడీలు దొరుకుతాయి.

ఒక హెచ్చరిక. 2024 డిసెంబరులో వచ్చిన ప్రభుత్వ శ్వేతపత్రం ప్రకారం రెండంచెల చోట్లను యూనిటరీలుగా మారుస్తున్నారు. ఆ మార్పు కోసమే 2025 మేలో జరగాల్సిన ఎన్నికలను ఎసెక్స్, సర్రే, హాంప్‌షైర్ సహా తొమ్మిది కౌన్సిళ్లలో వాయిదా వేశారు. కాబట్టి మీ చోట ఎన్నిక ఉందా, దేనికి అన్నది ఏ ఏటికా ఏడు చూసుకోవాలి.

ఎన్ని సీట్లు, ఎన్ని ఓట్లు

మన మునిసిపాలిటీలో వార్డుకు ఒక్క సభ్యుడు. ఇక్కడ ఒక వార్డుకు ఒకరు, ఇద్దరు లేదా ముగ్గురు ఉండొచ్చు. బర్మింగ్‌హామ్‌లో 69 వార్డులు, 101 మంది కౌన్సిలర్లు: 37 వార్డుల్లో ఒక్కొక్కరు, 32 వార్డుల్లో ఇద్దరేసి. స్లౌలో 21 వార్డులు, ఇద్దరేసి చొప్పున 42 మంది. రెడింగ్‌లో 16 వార్డులు, ముగ్గురేసి చొప్పున 48 మంది. రిజర్వుడు వార్డులు లేవు, నోటా లేదు.

ఎన్నిక ఎప్పుడొస్తుందన్నది కూడా ఊరిని బట్టి మారుతుంది. స్లౌ, బర్మింగ్‌హామ్, లండన్ బరోల్లో నాలుగేళ్లకోసారి మొత్తం సీట్లన్నిటికీ జరుగుతుంది. రెడింగ్‌లో మూడో వంతు పద్ధతి. నాలుగేళ్లలో మూడేళ్లు వార్డుకు ఒక్కో సీటు ఖాళీ అవుతుంది, నాలుగో ఏడు ఎన్నిక ఉండదు. ఆక్స్‌ఫర్డ్ సిటీలో రెండేళ్లకోసారి సగం సీట్లు. సరిహద్దులు మారినప్పుడు రెడింగ్ లాంటి చోట కూడా ముగ్గురినీ ఒకేసారి ఎన్నుకుంటారు. అప్పుడు అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లకు పూర్తి కాలం, మూడో స్థానంలో గెలిచినవాళ్లకు అన్నిటికంటే తక్కువ కాలం దక్కుతుంది.

మూడు సీట్లుంటే మీకు మూడు ఓట్లు. "మూడుకు మించి వేయకూడదు" అన్నది నియమం, మూడూ వేసి తీరాలని కాదు. ఒకటి, రెండు, మూడు అని వరుస రాయడం ఉండదు. ప్రతి గుర్తుకూ విలువ ఒకటే. ఇందులో ఒక కిటుకుంది. మీకు గట్టిగా నచ్చిన మనిషి ఒక్కరే ఉంటే, మిగతా రెండు ఓట్లు ఊరికే పక్కవాళ్లకు వేసినప్పుడు ఆ రెండూ మీ మనిషి మీదకే పోటీకొస్తాయి. లెక్క చూడండి. ఒక పార్టీ ముగ్గురికి 1,200, 1,150, 1,100 వచ్చాయనుకుందాం. ఒక స్వతంత్ర అభ్యర్థికి 1,120. ఆయన మూడో సీటు గెలిచాడు, ఇరవై ఓట్ల తేడా. ఆయనకు వేసినవాళ్లలో పాతికమంది తమ రెండో ఓటును మర్యాదకు ఆ పార్టీ మూడో అభ్యర్థికి వేసి ఉంటే 1,125 అయ్యేవి, సీటు పోయేది. ఒక్క ఓటే వేసి మిగతావి వదిలేయడాన్ని ఇక్కడ ప్లంపింగ్ అంటారు. అది నేరమూ కాదు, చెల్లని ఓటూ కాదు.

ఓటు నమోదు

గవ్.యూకేలో ఓటరు నమోదు పేజీ తెరిస్తే పని ఐదు నిమిషాలు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, పుట్టిన తేదీ, చిరునామా, పౌరసత్వం అడుగుతారు. ఇంట్లో ఒకరు అందరి తరఫునా నింపడం కుదరదు, 2014 నుంచి ఎవరిది వాళ్లే చేసుకోవాలి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు లేకపోతే ఆగిపోకండి. కారణం రాసి పంపితే కౌన్సిల్‌లోని నమోదు అధికారి వేరే పత్రాలు అడుగుతారు.

ఇల్లు మారితే మళ్లీ నమోదు చేసుకోవాలి, అది దానంతటది మీ వెంట రాదు. అద్దె ఇళ్లలో ఉండే మనవాళ్ల ఓట్లు పోయేది ముఖ్యంగా ఇక్కడే. కౌన్సిల్ టాక్స్ ఖాతా మార్చాం కదా అనుకుంటారు, రెండూ వేర్వేరు దస్త్రాలు. చదువుకునే పిల్లలు ఇంటి చిరునామాలోనూ యూనివర్సిటీ ఊళ్లోనూ నమోదు కావొచ్చు. అవి వేర్వేరు కౌన్సిళ్లయితే రెండు చోట్లా కౌన్సిల్ ఓటు వేయొచ్చు. పార్లమెంటు ఎన్నికలో మాత్రం ఒక్కచోటే.

ఫారంలో ఓపెన్ రిజిస్టర్ అని ఒక పెట్టె కనిపిస్తుంది. అందులో ఉంటే మీ పేరు, చిరునామా ఎవరైనా కొనుక్కోవచ్చు. వద్దనుకుంటే అక్కడే చెప్పేయండి, ఓటుకు ఏ లోటూ రాదు. అసలు జాబితాలో పేరు ఉండటం వల్ల ఇంకో ప్రయోజనం ఉంది. క్రెడిట్ ఏజెన్సీలు చిరునామా సరిచూసేది దాంతోనే. మార్ట్‌గేజ్ కోసమైనా నమోదు చేసుకోవడం మంచిదే.

పేరు దగ్గర కాస్త ఆగండి. పోలింగ్ రోజు చూపించే కార్డు మీద ఏ పేరుందో జాబితాలో కూడా ఆ పేరే ఉండాలి. మన పేర్లు నాలుగు ముక్కలు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. డ్రైవింగ్ లైసెన్సులో వేరే వరస. చిన్నాచితకా తేడాను సిబ్బంది పట్టించుకోరు కానీ, జాబితాలో "సాయి" అనీ కార్డులో "వెంకట సాయి కిరణ్" అనీ ఉంటే నిర్ణయం ఆ బూత్ అధికారి చేతిలోకి వెళ్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్ వెంట పెట్టుకోండి. అన్నిటికన్నా తేలిక, ఏ కార్డు తీసుకెళ్తారో ముందే అనుకుని, అందులో ఉన్నట్టే నమోదు చేయడం.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టాలి

మామూలు ఎన్నిక మే నెల మొదటి గురువారం, ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు. గడువులన్నీ అక్కణ్ణుంచి పనిదినాల్లో వెనక్కి లెక్కిస్తారు. శని, ఆదివారాలు, బ్యాంకు సెలవులు లెక్కలోకి రావు. ఈస్టర్, మే డే సెలవులు సరిగ్గా ఈ మధ్యలోనే పడతాయి కాబట్టి, "నెల రోజులుంది కదా" అనుకున్నవాళ్లకు ఉన్నట్టుండి వారం తగ్గిపోతుంది.

2026 మే 7 నాటి ఎన్నికను తీసుకుని చూస్తే ఇలా వస్తుంది:

- ఎన్నిక నోటీసు: 25 పనిదినాల ముందుకల్లా, అంటే మార్చి 30
- నామినేషన్లు, ఉపసంహరణ: 19 పనిదినాల ముందు సాయంత్రం 4, అంటే ఏప్రిల్ 9
- ఓటరు నమోదు: 12 పనిదినాల ముందు అర్ధరాత్రి, ఏప్రిల్ 20
- పోస్టల్ ఓటు దరఖాస్తు: 11 పనిదినాల ముందు సాయంత్రం 5, ఏప్రిల్ 21
- ప్రాక్సీ (మీ తరఫున వేరొకరు ఓటేయడం) దరఖాస్తు, ఉచిత ఓటరు గుర్తింపు పత్రం: 6 పనిదినాల ముందు సాయంత్రం 5, ఏప్రిల్ 28

ఈస్టర్ తేదీ ప్రతి ఏడూ మారుతుంది కాబట్టి ఈ తేదీలను వచ్చే ఏడాదికి మోసుకుపోకండి, పద్ధతి ఒక్కటే పట్టుకోండి.

పోస్టల్ ఓటు: చెల్లకుండా పోయేది ఎక్కడ

దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. మంజూరైతే గరిష్ఠంగా మూడేళ్లు, ఆ తర్వాత మళ్లీ పెట్టుకోవాలి.

కవరు విప్పితే నాలుగు ముక్కలుంటాయి: బ్యాలెట్, దాన్ని పెట్టే 'A' కవరు, పుట్టిన తేదీ, సంతకం రెండూ అడిగే చీటీ, అన్నిటినీ కలిపి పంపే 'B' కవరు. బ్యాలెట్ మడిచి 'A' కవరులో పెట్టి అంటించండి. చీటీని మాత్రం 'A' కవరులో పెట్టకూడదు. 'A' కవరు, చీటీ రెండూ 'B' కవరులోకి. స్టాంపు అక్కర్లేదు.

జరిగే తప్పులు మూడే మూడు, ఏటా అవే. పుట్టిన తేదీ గడిలో ఆ రోజు తేదీ రాసెయ్యడం మొదటిది. దరఖాస్తులో తెలుగు సంతకం చేసి చీటీ మీద ఇంగ్లీషు సంతకం చేయడం రెండోది. అవి రెండూ పక్కపక్కన పెట్టి పోల్చే లెక్కింపు మనుషులకు మీరెవరో తెలియదు, గీతలు కలిశాయా లేదా అన్నదే చూస్తారు. మూడోది భార్యాభర్తలు వంటగది బల్ల మీద రెండు కవర్లూ విప్పి, ఒకరి చీటీ ఇంకొకరి కవరులో పెట్టడం. చీటీ మీదా కవరు మీదా నంబర్లుంటాయి, కలవకపోతే తంటా. ఒకరిది పూర్తిగా అంటించాకే రెండోది విప్పండి.

పోస్టులో ఆలస్యమవుతుందనుకుంటే పోలింగ్ రోజు రాత్రి 10 లోపు పోలింగ్ కేంద్రంలో ఇవ్వొచ్చు, అక్కడ ఒక ఫారం నింపాలి. ఫారం లేకుండా కౌన్సిల్ ఆఫీసు గేటు దగ్గర లెటర్ బాక్సులో పడేస్తే అది చెల్లదు. మీది కాక ఇంకో ఐదుగురివి మాత్రమే తేవొచ్చు. ప్రచారంలో పనిచేసేవాళ్లు తమ ఇంటివాళ్లవి తప్ప బయటివాళ్ల పోస్టల్ ఓట్లు ముట్టుకోకూడదు. అంటే ప్రచారంలో ఉన్న సంఘం పెద్ద ఒకరు గుడి దగ్గర అందరి కవర్లూ పోగుచేసి ఇచ్చేయడం సాయం కాదు, నేరం.

ఊళ్లో లేకపోతే ప్రాక్సీ ఇంకో దారి, మీ తరఫున మీరు నమ్మినవాళ్లు వేస్తారు. ఫోటో ఐడీ చూపించాల్సింది వాళ్లదే, మీది కాదు. ఇండియా ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు పోస్టల్ కంటే ప్రాక్సీయే నయం. బ్యాలెట్ హైదరాబాద్ వచ్చి వెనక్కి వెళ్లేలోపు లెక్కింపు అయిపోతుంది.

పోలింగ్ రోజు

2023 మే నుంచి ఇంగ్లండ్‌లో ఫోటో గుర్తింపు తప్పనిసరి. ఇండియా పాస్‌పోర్టు చెల్లుతుంది, కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టులన్నీ జాబితాలో ఉన్నాయి. గడువు తీరినా ఫోటోలో మనిషిని పోల్చగలిగితే చాలు. నివాస అనుమతికి ఇచ్చిన బీఆర్‌పీ కార్డుకూ ఇదే మాట. యూకే డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుంది, ప్రొవిజనల్ కూడా. పెద్దవాళ్లకు బస్ పాస్ పనికొస్తుంది. ఆధార్, ఇండియా డ్రైవింగ్ లైసెన్సు, ఓసీఐ కార్డు, ఆఫీసు బ్యాడ్జీ, ఫోనులో తీసుకున్న పాస్‌పోర్టు ఫోటో పనికిరావు. అసలు కార్డే చేతిలో ఉండాలి. ఏదీ లేకపోతే ఉచిత ఓటరు పత్రానికి ముందే పెట్టుకోండి.

ఇంటికొచ్చే పోల్ కార్డు తేకపోయినా ఫర్వాలేదు. కానీ అందులో రాసిన కేంద్రానికే వెళ్లాలి, వార్డులో ఇంకోచోట కుదరదు. తలుపు దగ్గర పార్టీ రంగుల పూలగుర్తు పెట్టుకుని మీ నంబరు అడిగేవాళ్లను టెల్లర్లు అంటారు. వాళ్లు అధికారులు కారు, చెప్పడం మీ ఇష్టం. ఐడీ మరిచిపోతే ఇంటికెళ్లి తెచ్చుకుని రండి, రాత్రి పదికి వరసలో నిల్చుని ఉన్నా వేయనిస్తారు.

బ్యాలెట్ మీద ఇంటూ మార్కు. పేర్లు ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంటాయి. గుర్తులు మన చెయ్యి, కమలం లాగా పెద్దవి కావు, పార్టీ చిహ్నం చిన్నగా పక్కన ఉంటుంది, స్వతంత్రులకు అదీ ఉండదు. బ్యాలెట్ పాడైతే పెట్టెలో వేయకముందే తిరిగిచ్చి కొత్తది అడగండి. మీద సంతకం గానీ పేరు గానీ రాశారా, మీరెవరో తెలిసిపోతుందని దాన్ని పక్కన పెడతారు.

లెక్కింపు బల్ల దగ్గర

మూడు సీట్ల వార్డులో లెక్క చూడముచ్చటగా ఉంటుంది. ముందు పెట్టెలో ఎన్ని కాయితాలున్నాయో సరిచూస్తారు. తర్వాత మూడు ఓట్లూ ఒకే పార్టీకి పడ్డ బ్యాలెట్లను వేరు చేసి కట్టలు కడతారు, అవి ఇట్టే తేలిపోతాయి. అటూ ఇటూ వేసిన కలగాపులగం ఓట్లే అసలు పని. పొడవాటి కాయితం మీద అభ్యర్థుల పేర్లుంటాయి. బ్యాలెట్లను దాని మీద మెట్లు మెట్లుగా అంటించి, అడ్డంగా చదువుతూ ఒక్కొక్కరికీ గీతలు కూడతారు. అంచులు వేలాడుతుంటే చూడ్డానికి గడ్డి పావడాలా ఉంటుంది, ఇంగ్లీషులో కూడా దాన్ని అలాగే పిలుస్తారు. అభ్యర్థి తరఫు లెక్కింపు ఏజెంట్ కళ్లు పెట్టాల్సింది కట్టల మీద కాదు, ఈ పావడాల మీద. ఒక గీత పక్క గడిలో పడితే ఇద్దరి లెక్క తప్పుతుంది. తేడా తక్కువగా ఉంటే ప్రకటించకముందే మళ్లీ లెక్కించమని అడగాలి. ప్రకటించాక మిగిలేది కోర్టే.

గెలిచినవాళ్లతో పని చేయించుకోవడం

ఓటు నాలుగేళ్లలో ఒకటి నుంచి మూడుసార్లు. కౌన్సిలర్ అవసరం ఏడాది పొడుగునా. కౌన్సిలర్‌కు జీతం ఉండదు, అలవెన్సు మాత్రమే. చాలామంది వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మెయిళ్లు చూస్తారు. ఓటు వాళ్లకు వేశారా లేదా, అసలు వేశారా లేదా అన్నది వాళ్లు అడగరు, మీరు చెప్పనక్కర్లేదు.

ముందుగా కౌన్సిల్ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేసి రిఫరెన్సు నంబరు తీసుకోండి. గుంతకైనా, చెత్తకైనా ఇది లేకుండా కౌన్సిలర్‌కు రాస్తే వాళ్లు చెప్పేది కూడా "నమోదు చేయండి" అనే. కౌన్సిల్ చెప్పిన గడువులో కదలిక లేకపోతే అప్పుడు మెయిల్: చిరునామా, నంబరు, తేదీ, ఫోటో ఒకటి, మీకు కావలసింది ఒక్క వాక్యం. ముగ్గురు కౌన్సిలర్లుంటే ముగ్గురికీ కలిపి రాయండి, ముగ్గురికీ విడివిడిగా రాస్తే ముగ్గురూ ఒకే అధికారిని మూడుసార్లు అడుగుతారు, పని ముందుకు పోదు. మెయిల్ కుదరకపోతే సర్జరీకి వెళ్లండి. సర్జరీ అంటే లైబ్రరీలోనో కమ్యూనిటీ హాల్లోనో కౌన్సిలర్ కూర్చుని జనాన్ని కలిసే గంట.

ప్లానింగ్ సంగతి వేరు. పక్కింటివాళ్లు పెద్ద ఎక్స్‌టెన్షన్‌కు పెట్టుకుంటే అభిప్రాయం చెప్పడానికి మామూలుగా 21 రోజులు. ఎక్కువ దరఖాస్తులు అధికారులే తేల్చేస్తారు. కౌన్సిలర్ అడిగితే దాన్ని కమిటీ ముందుకు తేవచ్చు, కానీ దానికీ గడువుంటుంది, కాబట్టి మొదటి వారంలోనే రాయండి. మీ కిటికీకి వెలుతురు తగ్గుతుందనీ, మీ పెరట్లోకి చూపు పడుతుందనీ, పార్కింగ్ ఇబ్బందనీ రాస్తే పట్టించుకుంటారు. "మా ఇంటి రేటు పడిపోతుంది", "ఆ మనిషి మంచివాడు కాదు" అన్నవి లెక్కలోకి రావు. ఒకే ఉత్తరాన్ని అరవైమంది కాపీ చేసి పంపడం కన్నా వేర్వేరు కారణాలున్న నాలుగు ఉత్తరాలు బలం.

వీసా, పాస్‌పోర్టు, హోమ్ ఆఫీసు ఆలస్యాలు కౌన్సిలర్ పరిధిలో లేవు, అవి ఎంపీకి రాయాలి. బడి సీటు విషయంలో కౌన్సిలర్ ఫోను చేసి ఇప్పించలేరు, దానికి స్వతంత్ర అప్పీలు ప్యానెల్ ఉంది. మన దగ్గర కార్పొరేటర్ చేసే "ఒక మాట చెప్పడం" ఇక్కడ ఆశించకండి. కౌన్సిల్ ఫిర్యాదు పద్ధతి చివరిదాకా వెళ్లినా న్యాయం జరగలేదనిపిస్తే లోకల్ గవర్నమెంట్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, మామూలుగా సంగతి తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి.

పోటీ చేయాలనుకుంటే

ఓటుకూ పోటీకీ అర్హత ఒకటి కాదు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఓటు ఉంది, పోటీ లేదు. ఇండియా పౌరులుగా ఉంటూ పోటీ చేయాలంటే ఐఎల్ఆర్ (గడువు లేకుండా ఉండిపోయే అనుమతి) ఉండాలి. దానితో పాటు పద్దెనిమిదేళ్లు, ఈ నాలుగింటిలో ఒకటి: ఆ కౌన్సిల్ ఓటరు జాబితాలో పేరు, లేదా 12 నెలలుగా అక్కడ నివాసం, లేదా 12 నెలలుగా అక్కడే ప్రధాన ఉద్యోగం, లేదా 12 నెలలుగా అక్కడ సొంతంగానో అద్దెకో ఆస్తి. ఆ వార్డులోనే ఉండాలని లేదు, కౌన్సిల్ పరిధిలో ఉంటే చాలు.

ఆ కౌన్సిల్‌లో ఉద్యోగం చేస్తే పోటీకి లేదు. కౌన్సిల్ నిర్వహించే బడిలో టీచరుకు కూడా ఇదే అడ్డం, చాలామందికి చివరి వారంలో తెలుస్తుంది. ఎన్‌హెచ్‌ఎస్ డాక్టరుకు ఈ అడ్డం లేదు. తెలుగు డాక్టరు చంద్ర కన్నెగంటి స్టోక్-ఆన్-ట్రెంట్‌లో కౌన్సిలరై, 2021లో అక్కడ లార్డ్ మేయర్ కూడా అయ్యారు.

పార్టీ తరఫున అయితే పని ఎన్నికకు చాలా నెలల ముందే మొదలవుతుంది: సభ్యత్వం, పరిశీలన, వార్డు శాఖ ఎంపిక. కొత్తవాళ్లకు ముందుగా దొరికేది గెలవని వార్డే. పార్టీ పేరు బ్యాలెట్ మీద ఉండాలని నిలబెట్టేవాళ్లను పేపర్ క్యాండిడేట్ అంటారు. అడిగితే సిగ్గుపడకండి, పద్ధతులు నేర్చుకోవడానికి అదే బడి.

నామినేషన్ ఫారం, ఇంటి చిరునామా ఫారం, సమ్మతి పత్రం ముఖ్యమైనవి. పార్టీ అయితే అధికార పత్రం, చిహ్నం కోరే చీటీ. డిపాజిట్ లేదు. ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఒకరు, ఇద్దరూ ఆ వార్డు ఓటర్లే అయ్యుండాలి. సమ్మతి పత్రం నామినేషన్ గడువుకు నెలలోపు సంతకం చేసి, సాక్షి సంతకం పెట్టించాలి. నామినేషన్, చిరునామా, సమ్మతి కాయితాలకు మెయిల్, పోస్టు కుదరవు, చేత్తో తీసుకెళ్లి ఇవ్వాలి. ఇంటి చిరునామా బ్యాలెట్ మీద వద్దంటే ఆ ఫారంలోనే చెప్పొచ్చు.

తిరగ్గొట్టే కారణాలు సిల్లీగా ఉంటాయి. బలపరిచినావిడ వీధికి అటువైపు, అంటే పక్క వార్డు. పాత జాబితా చూసి రాసిన ఓటరు నంబరు. పార్టీ వివరణలో అధికార పత్రంలో లేని ఒక మాట. ఇంటిపేరు గడిలో అసలు పేరు, దాంతో బ్యాలెట్ మీద అక్షర క్రమమే మారిపోతుంది. గడువుకు వారం ముందే ఎన్నికల ఆఫీసులో అపాయింట్‌మెంట్ అడిగి చూపించండి, అక్కడి సిబ్బంది ముందుగా సరిచూసి చెబుతారు. సాయంత్రం 4 దాటాక ఒక్క నిమిషమైనా తీసుకోరు.

డబ్బు దగ్గర మనవాళ్లు జారే చోట్లు రెండు. హైదరాబాద్ బావగారు సంతోషంగా వంద పౌండ్లు పంపుతారు. ఆయన యూకే ఓటరు జాబితాలో లేరు కాబట్టి తీసుకోకూడదు. 50 పౌండ్లు దాటిన ప్రతి విరాళానికీ ఇచ్చినవాళ్ల అర్హత చూడాలి, కాకపోతే 30 రోజుల్లో తిరిగిచ్చేయాలి. రెండోది, ప్రింటింగ్ షాపున్న స్నేహితుడు కరపత్రాలు ఉచితంగా వేసిస్తాడు. విలువ 50 పౌండ్లు దాటితే బజారు ధర కట్టి ఖర్చులోనూ విరాళంలోనూ చూపాలి. ఖర్చు పరిమితి అంటే ఒక స్థిరమైన మొత్తానికి వార్డులో ఒక్కో ఓటరుకు కొన్ని పెన్నీలు కలిపినది, రిటర్నింగ్ ఆఫీసరు లెక్క చెబుతారు. ముగ్గురు ఉమ్మడిగా ప్రచారం చేస్తే ఒక్కొక్కరి పరిమితి మూడో వంతు తగ్గుతుంది. ఫలితం వచ్చిన 21 రోజుల్లో బిల్లులు అందాలి, 28 రోజుల్లో చెల్లించాలి, 35 రోజుల్లో లెక్క దాఖలు చేయాలి. ఒక్క పెన్నీ ఖర్చు పెట్టకపోయినా, ఓడిపోయినా దాఖలు తప్పదు.

ప్రతి కరపత్రం మీదా ముద్రించినవారు, ప్రచారకర్త పేర్లు, చిరునామాలు ఉండాలి. ఫేస్‌బుక్ ప్రకటనల మీదా 2023 నవంబరు నుంచి ప్రచారకర్త పేరు, చిరునామా ఉండాలి. ఓటు కోసం భోజనాలు పెట్టడం నేరం. గృహప్రవేశానికి పిలిచి బిర్యానీ పెడితే సరే, అక్కడే ఓటడిగితే కేసు కావొచ్చు. ఫ్లెక్సీలు మరిచిపోండి. కిటికీలో పోస్టరు అతికించుకోవచ్చు, పోలింగ్ అయిన 14 రోజుల్లో తీసెయ్యాలి.

ఏడు వేల ఓటర్ల వార్డంటే తలుపులు మూడున్నర వేల దాకా. గెలిపించేది తలుపు తట్టడమే. ఏ ఇంట్లో ఎవరు ఏమన్నారో రాసుకుని, పోలింగ్ రోజు మన వైపున్నవాళ్లు వేశారో లేదో చూసి మళ్లీ తట్టడం. వర్షంలో సాయంత్రం ఆరున్నరకు ఆ పని చేసే ఐదుగురు లేకపోతే ఎంత మంచి కరపత్రమైనా చెత్తబుట్టకే.

సరిహద్దులు గీసేటప్పుడు

వార్డు గీతను కౌన్సిల్ గీయదు, ఇంగ్లండ్ లోకల్ గవర్నమెంట్ బౌండరీ కమిషన్ గీస్తుంది. చట్టం చెప్పినవి మూడు: ఒక్కో కౌన్సిలర్‌కు ఓటర్లు సుమారు సమానంగా ఉండటం, నివాస సముదాయాన్ని చీల్చకపోవడం, పాలన సులువుగా సాగడం. కౌన్సిల్‌లో 48 మంది, ఓటర్లు 1,20,000 అనుకోండి. తలా 2,500, ముగ్గురి వార్డుకు 7,500. ఒక వార్డులో 8,700 ఉంటే 16 శాతం ఎక్కువ. కౌన్సిల్‌లో 30 శాతం వార్డుల్లో తేడా పది శాతం దాటినా, ఒక్క వార్డులో 30 శాతం దాటినా సమీక్షకు కారణమవుతుంది.

సమీక్షలో ఎవరైనా రాయొచ్చు, ఓటరు కావాలని కూడా లేదు. పనికొచ్చే ఉత్తరంలో ఇవి ఉంటాయి: మీ వీధులవాళ్లు ఏ బడికి, ఏ బస్సుకు, ఏ దుకాణాలకు వెళ్తారు. నిజంగా ఊరిని విడదీసేది రైల్వే లైనా, పెద్ద రోడ్డా. మీరు కోరే గీత వల్ల రెండు వైపులా ఓటర్లు ఎంత అవుతారు. ఆ మూడోదాన్ని అందరూ వదిలేస్తారు. ఒక వీధిని ఇటు జరపమంటే అటు తగ్గే లెక్కను ఎవరో ఒకరు కట్టాలి. మీరు కట్టి పంపితే కమిషన్ దాన్ని చేతిలోకి తీసుకుంటుంది, "మా వీధి ఆ వార్డులో ఉండకూడదు" అని మాత్రమే రాస్తే పక్కన పెడుతుంది. రాయాల్సింది కమిషన్ సంప్రదింపులు నడిచే వారాల్లోనే. తుది సిఫార్సులు పార్లమెంటు ముందుకు వెళ్లాక వార్డు పేరు మార్చడం కూడా కష్టం.